లింక్ ఎక్కడ తెగిందో చెప్పండి

స్మార్ట్ స్విచ్‌లు, ప్లగ్గులు, కెమెరాలు, సెన్సర్లు తయారుచేసి అమ్మే కంపెనీలకు, వాటిని ఒకదానితో ఒకటి కలిపి నడిపే ఆటోమేషన్ సేవల వాళ్లకు నెల్లూరు నుంచి ఒక ఎలక్ట్రీషియన్ రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

మీ వస్తువులను గోడలో బిగించి, ఫోన్‌లో కలిపి, ఇంటివాళ్లకు వాడకం నేర్పి వచ్చే పని మాది. నెల్లూరు టౌన్‌లోనూ, కోవూరు వైపూ, సముద్రం పక్క ఊళ్లలోనూ ఆ పని చేస్తుంటాను. మీ ముందు ఒకే కోరిక పెడుతున్నాను. ఏదైనా ఆగిపోయినప్పుడు మీ యాప్‌లో వచ్చే ‘ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి’ అనే వాక్యాన్ని తీసెయ్యండి. లింక్ ఎక్కడ తెగిందో, ఎవరు ఏం చేస్తే మళ్లీ కలుస్తుందో ఆ చోట రాయండి. తెలుగులో రాయండి.

మా దగ్గర ఈ స్విచ్‌లు ఎవరి ఇళ్లలో ఉన్నాయో తెలిస్తే ఇది చిన్న కోరిక కాదని మీకే అర్థమవుతుంది. మాగుంట లేఅవుట్‌లోనో వేదాయపాళెంలోనో ఏదో ఒక వీధి తీసుకోండి. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. ఇంట్లో ఉండేది డెబ్బై దాటిన అమ్మానాన్నలు. మోకాళ్ల నొప్పులతో మాటిమాటికీ మెట్లెక్కి ట్యాంకు నిండిందో లేదో చూడలేరు. రాత్రిపూట లేచి గేటు దాకా పోలేరు. గీజర్ ఆపడం మర్చిపోతారేమోనని కొడుక్కి భయం. అందుకే సెలవులకు వచ్చినప్పుడు ఇవన్నీ పెట్టించి పోతాడు. సోకు కోసం కొన్నవి కావివి. ఒంగోలులో అయితే నీళ్లు వదిలే రోజు కోసం కాచుక్కూర్చునే ఇళ్లున్నాయి. వాళ్లకు సంపులో నీళ్లు పడ్డాయని చెప్పే సెన్సర్ రోజువారీ అవసరం. అలాంటి ఇంట్లో ‘ఏదో పొరపాటు జరిగింది’ అని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చి ఆగితే, ఆ పెద్దాయన ఏం చెయ్యాలి?

అసలు లింక్‌లో ఎన్ని అతుకులున్నాయో చెబుతాను, ఇది చదివే ఇంటివాళ్లకు కూడా పనికొస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు గేటు లైటు వెలగాలని ఆటోమేషన్ సేవలో రాసుకున్నారనుకోండి. ఆ సేవ సర్వర్, అంటే దాన్ని నడిపే కంప్యూటర్, ఎక్కడో ఉంటుంది. టైమ్ కాగానే అది స్విచ్ కంపెనీ సర్వర్‌కి కబురు పెడుతుంది. కంపెనీ సర్వర్ ముందు అనుమతి చూస్తుంది: అడుగుతున్నదెవరు, ఈ ఇంటి స్విచ్‌ను నడిపే హక్కు వాళ్లకు ఉందా అని. ఉంటే ఆ ఆజ్ఞ ఇంటర్నెట్ మీద మన వీధి ఫైబర్‌లోకి వచ్చి, రౌటర్‌లో దిగి, వైఫై మీద స్విచ్‌కి చేరుతుంది. మాటతో నడిపే స్పీకర్ కూడా ఉంటే మరో కంపెనీ సర్వర్ మధ్యలో చేరుతుంది. వరండాలోని స్విచ్‌కి, గేటు లైటుకి మధ్య నాలుగు బారల వైరు ఉంటుంది. ఆజ్ఞ మాత్రం ముగ్గురు నలుగురు యజమానుల చేతులు మారి వస్తుంది. ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగడం తప్పు కాదు, ఏ వైరైనా తెగుతుంది. ఎక్కడ తెగిందో తెలిసిన వాళ్లు చెప్పకపోవడమే మాకు కష్టంగా ఉంది. స్విచ్ కంపెనీకి ఫోన్ చేస్తే ‘మా సర్వర్ బాగానే ఉంది, ఆటోమేషన్ వాళ్లను అడగండి’ అంటారు. వాళ్లకు రాస్తే ‘పరికరం కంపెనీని అడగండి’ అని జవాబు. ఇద్దరూ కలిసి ‘మీ ఇంటర్నెట్ చూసుకోండి’ అంటారు.

మీరు చెప్పరు కాబట్టి మేమే వెతుక్కుంటాం. ముందు స్విచ్‌ను చేత్తో నొక్కుతాను. లైటు వెలిగితే వైరింగ్, లోపల కరెంటును కలిపి తెంపే రిలే బాగున్నట్టే. తర్వాత ఇంటి వైఫైలో ఉండి స్విచ్ కంపెనీ సొంత యాప్‌లో వేసి చూస్తాను. ఆ తర్వాత ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద అదే యాప్‌లో మళ్లీ వేస్తాను. ఈ మెట్టు చాలామంది దాటేస్తారు, నా దృష్టిలో మొత్తం పరీక్షలో విలువైనది ఇదే. కొన్ని యాప్‌లు ఇంటి వైఫైలో ఉంటే సర్వర్ దాకా పోకుండా నేరుగా స్విచ్‌తోనే మాట్లాడతాయి. కాబట్టి వైఫైలో పనిచేసి డేటా మీద పనిచెయ్యకపోతే ఇంటి లోపల అంతా సవ్యంగానే ఉన్నట్టు, ఇంటికీ కంపెనీ సర్వర్‌కీ మధ్య దారి తెగినట్టు. డేటా మీద కూడా లైటు వెలిగితే స్విచ్ నుంచి కంపెనీ దాకా దారి శుభ్రంగా ఉంది. మిగిలింది రెండు కంపెనీల మధ్య ఒప్పందమే. అప్పుడు ఆటోమేషన్ సేవలో యాక్టివిటీ చరిత్ర తెరిచి, ఆ టైమ్‌కి అసలు ప్రయత్నించిందా లేదా చూస్తాను. ప్రయత్నించనే లేదంటే దాన్ని కదిలించాల్సిన కబురు రాలేదు. ప్రయత్నించి ఓడిపోయిందంటే అవతలి సర్వర్ ఏదో జవాబు ఇచ్చే ఉంటుంది.

ఆ జవాబు దగ్గరే నా అసలు ఫిర్యాదు. సర్వర్లు ఒకదానికొకటి జవాబు చెప్పేటప్పుడు ఒక నంబరు ఇస్తాయి. అది ఏ కంపెనీ సొంతమూ కాదు, ఇంటర్నెట్ అంతటికీ ఉమ్మడి. 401 అంటే నువ్వెవరో రుజువు కాలేదని, చాలాసార్లు అనుమతి గడువు తీరిందని. 403 అంటే నువ్వెవరో తెలుసు గానీ ఈ పనికి హక్కు లేదని. 404 అంటే నువ్వడిగిన పరికరం ఇక్కడ లేదని. 429 అంటే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు, ఆగమని. 503 అంటే ప్రస్తుతానికి సర్వరే పని చెయ్యడం లేదని. ఈ ఐదింటికీ మందులు వేరు. మొదటిదానికి మళ్లీ లాగిన్ అయితే చాలు. మూడోదానికి ఆటోమేషన్‌లో పరికరాన్ని మళ్లీ ఎంచుకోవాలి. చివరిదానికి ఇంట్లో వాళ్లు ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే అదే వస్తుంది. ఈ ఐదింటినీ ఒకే ‘ఏదో పొరపాటు’ కింద మీరు కప్పేస్తున్నారు. మీ సర్వర్‌కి తెలుసు. మీ యాప్‌కి తెలుసు. తెలియనిది ఇంట్లో ఉన్న మనిషికి మాత్రమే.

ఇంతకంటే బాధ కలిగించేది ‘కనెక్టెడ్’ అనే మాట. రెండు సేవలను లింక్ చేసినప్పుడు ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరి చేతికి పోదు, అది మంచిదే. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓఆథ్ 2.0 పద్ధతిలో పాస్‌వర్డ్‌కు బదులు ఒక టోకెన్, అంటే అనుమతి చీటీ లాంటిది, ఇస్తారు. దాని గడువు తక్కువ, చాలాచోట్ల గంటో కొన్ని గంటలో. గడువు తీరగానే కొత్తది తెచ్చుకోవడానికి రిఫ్రెష్ టోకెన్ అని ఇంకోటి ఉంటుంది. ఇంటాయన పాస్‌వర్డ్ మార్చినా, కంపెనీ భద్రత కోసం పాత అనుమతులన్నీ రద్దు చేసినా, చాలాకాలం వాడక రిఫ్రెష్ టోకెన్ చచ్చిపోయినా ఆ క్షణం నుంచి లింక్ లేనట్టే. అయినా తెర మీద పచ్చ చుక్క అలాగే ఉంటుంది. ఎప్పుడో లింక్ చేసిన సంగతిని పట్టుకుని ఇప్పటికీ ఉందని చూపిస్తారు. ‘ఏంది అబ్బయ్యా, కనెక్టెడ్ అని రాసుందే, మరి లైటు ఎందుకు ఎలగదు?’ అని వేదాయపాళెంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ అడిగారు. ఆమె చదివింది సరిగ్గానే చదివారు. రాసింది అబద్ధం. చివరిసారి నిజంగా మాట్లాడుకున్న తేదీ, టైమ్ అక్కడ చూపిస్తే ఆమె నన్ను పిలవకుండానే సంగతి గ్రహించేవారు.

ఆ ఇంటి సంగతే ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే ఇలాంటి ఇళ్లు మా జిల్లాలో చాలా ఉన్నాయి. ఖాతా కొడుకు పేరు మీద ఉంది, ఆయన ఉండేది డల్లాస్‌లో. యాప్ పెట్టుకున్నప్పుడు దేశం అని అడిగితే అమెరికా అని ఎంచుకున్నారు, నిజమే కదా మరి. దాంతో స్విచ్‌లు అమెరికా డేటా సెంటర్‌లో నమోదయ్యాయి. అమ్మ ఫోన్‌లో ఆటోమేషన్ సేవను ఇండియా ఖాతాతో తెరిచారు. లింక్ చేస్తే లాగిన్ అవుతుంది, పరికరాల జాబితా మాత్రం ఖాళీ. ఒక్క తప్పు కూడా చూపించదు. పోనీ కొడుకు ఖాతాతోనే లాగిన్ అవుదామంటే ఓటీపీ డల్లాస్ ఫోన్‌కి పోతుంది. ఎండాకాలంలో ఇక్కడ మధ్యాహ్నం రెండైతే అక్కడ తెల్లవారుజాము మూడున్నర. నిద్రలో ఉన్న కొడుకును లేపడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. పనిముట్లు సంచిలో సర్దుకుని, రాత్రికి ఫోన్‌లో చూద్దాం అని చెప్పి వచ్చేశాను. కారణం తెలియడానికి ఒక్క వాక్యం చాలు: ‘ఈ ఖాతా అమెరికా ప్రాంతంలో ఉంది, మీరు ఇండియా ప్రాంతంలో వెతుకుతున్నారు.’ కొన్ని యాప్‌లలో ఒకసారి ఎంచుకున్న ప్రాంతం తర్వాత మార్చడానికే వీలుండదు. ఆ సంగతి కూడా ఎంచుకునే ముందే చెప్పాలి. ఇంట్లో ఉండేవాళ్లకు పేరుకి సభ్యత్వం ఇచ్చి ఊరుకోకుండా, లింక్ మళ్లీ కలుపుకునే హక్కు కూడా ఇవ్వాలి. ఇంటి తాళం ఇంట్లో ఉన్నవాళ్ల దగ్గర ఉండాలి కదా.

ఇక మీ కాల్ సెంటర్ల సలహా. ఏం చెప్పినా ముందుగా వచ్చే మాట ‘రీసెట్ చేసి, తీసేసి, మళ్లీ యాడ్ చెయ్యండి’. చేతులెత్తి దండం పెడుతున్నాను, ఆ సలహా మానండి. జబ్బేమిటో చూడకుండా కత్తి పట్టుకోవడం లాంటిది అది. స్విచ్‌ను తీసేసి మళ్లీ కలిపితే కొన్ని కంపెనీల దగ్గర దానికి కొత్త గుర్తింపు నంబరు పడుతుంది. పేరు ‘హాలు ఫ్యాను’ అనే ఉంటుంది, కానీ ఆటోమేషన్లన్నీ పాత నంబరునే వెతుకుతుంటాయి. పోయింది ఒక టోకెన్ అయితే, రీసెట్ తర్వాత షెడ్యూళ్లు, సీన్లు (ఒకే నొక్కుతో చాలా పరికరాలు నడిపే ఏర్పాట్లు), స్పీకర్‌లో పెట్టిన పేర్లు, పంచుకున్న అనుమతులు అన్నీ పోతాయి. ఒక స్విచ్‌తో మొదలైన పని ఇల్లంతా తిరిగి చెయ్యాల్సి వస్తుంది. దానికి కూలి ఇచ్చేది ఇంట్లో ఉండే ముసలాయన పెన్షన్ డబ్బుల్లోంచి. రీసెట్ అనేది ఆఖరి మాటగా ఉండాలి, దాని వల్ల ఏమేం పోతాయో ముందే తెర మీద చూపించాలి.

మా వైపు ఎక్కువ తెగుళ్లు కరెంటు పోయి వచ్చాక కనిపిస్తాయి. కరెంటు రాగానే స్విచ్ క్షణాల్లో లేచి వైఫై కోసం వెతుకుతుంది. రౌటర్, ఫైబర్ పెట్టె లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కొన్ని చవక స్విచ్‌లు ఆలోపు వెతికి వెతికి ఆగిపోతాయి, మళ్లీ ప్రయత్నించవు. అంతేకాదు, ఈ పరికరాల్లో చాలావాటికి సొంత గడియారం ఉండదు. లేచిన ప్రతిసారీ ఇంటర్నెట్‌లో టైమ్ అడిగి తెలుసుకుంటాయి. టైమ్ దొరక్కపోతే అది ఏ పాత సంవత్సరంలోనో ఉన్నాననుకుంటుంది, కంపెనీ సర్వర్ తానెవరో రుజువుగా చూపే సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటు కాలేదని తలుపు వేసుకుంటుంది. వైఫై ఉంది, ఇంటర్నెట్ ఉంది, స్విచ్ మాత్రం ఆఫ్‌లైన్. మీ ఇంజనీర్లకు తప్ప ఇంకెవరికి తడుతుందిది? రౌటర్‌ను ఇన్వర్టర్ లైను మీద పెట్టమని నేను అందరికీ చెబుతాను, సగం గొడవలు అక్కడే తగ్గుతాయి. ఫైబర్ కుర్రాళ్లకు కూడా ఒక మాట: రౌటర్ మార్చినప్పుడు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టండి తమ్ముళ్లూ. ఈ స్విచ్‌లలో ఎక్కువ 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి, ఆ బ్యాండు ఆపెయ్యకండి. ఈ రెండూ చేస్తే పరికరాలు వాటంతట అవే వచ్చి చేరతాయి, ఇంటివాళ్లకు ఖర్చు తప్పుతుంది.

టైమ్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. సాయంత్రం ఆరింటికి వెలగాల్సిన లైటు రాత్రి పదకొండున్నరకి వెలుగుతోందని ఒకరు పిలిచారు. పదకొండున్నర అనగానే కారణం తెలిసిపోయింది. ఆటోమేషన్ ఖాతాలో టైమ్ జోన్ ఎవరూ పెట్టలేదు, అది గ్రీన్‌విచ్ లెక్కలో నడుస్తోంది. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం ఆరు మనకు రాత్రి పదకొండున్నర. ఇది అర నిమిషం పని. కానీ ఆ ఇంటివాళ్లు అప్పటికే స్విచ్ పాడైందని కొత్తది కొనేశారు. ఇండియా ఫోన్ నంబరుతో తెరిచిన ఖాతాకి మన టైమ్ పెట్టడానికి మీకు అడ్డమేముంది?

లైటు గురించి అయితే ఇంత గట్టిగా రాయకపోయేవాణ్ణేమో. ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న ఇళ్లలో కూడా మీ ప్లగ్గులే అడుగుతున్నారు. కరెంటు పోతే గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి. గుంట నీళ్లలో ప్రాణవాయువు తెల్లవారే ముందు బాగా పడిపోతుంది, ఎందుకంటే రాత్రంతా నీళ్లలోని జీవాలన్నీ వాడుకోవడమే తప్ప ఎండ లేక కొత్తగా పుట్టేది ఉండదు. ఆ టైమ్‌లో ఏరేటర్ ఆగితే రొయ్య తలకిందులవుతుంది, పెట్టుబడి మొత్తం నీళ్ల మీద తేలుతుంది. కరెంటు పోగానే ఫోన్ మోగేలా చెయ్యమని రైతు అడుగుతాడు, మోగితే లేచి జనరేటర్ వేసుకుంటాడు. ఇక్కడ చిక్కు ఏమిటంటే కరెంటు పోతే ప్లగ్గూ పోతుంది, రౌటరూ పోతుంది. పోయిందని చెప్పడానికి అక్కడ ఎవరూ మిగలరు. చెప్పాల్సింది సర్వరే, ‘ఇప్పటిదాకా పలికిన పరికరం పలకడం మానేసింది’ అని.

అది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. మీలో చాలామంది పరికరాలు మాట్లాడేది ఎంక్యూటీటీ అనే పద్ధతిలో. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు చమురు పైపులైన్ల మీద కన్నేసి ఉంచడానికి దాన్ని తయారుచేశారు. అందులో ‘లాస్ట్ విల్’ అని ఒక ఏర్పాటు ఉంది. నేను చెప్పాపెట్టకుండా మాయమైతే నా తరఫున ఈ కబురు అందరికీ పంపమని పరికరం ముందే సర్వర్‌కి అప్పగించి పెడుతుంది. ఇన్ని సెకన్లకోసారి పలుకుతానని కూడా చెబుతుంది, ఆ గడువుకు ఒకటిన్నర రెట్లు దాటినా పలక్కపోతే సర్వర్ దాన్ని తెగినట్టే లెక్కగడుతుంది. అంటే పరికరం పోయిన సంగతి మీకు కొద్ది నిమిషాల్లోనే తెలుస్తోంది. తెలిసి కూడా చాలా యాప్‌లలో ‘ఆఫ్‌లైన్ అయితే ఫోన్ చెయ్యి’ అనే వీలు ఇవ్వరు, ఇచ్చినా ఆలస్యంగా ఒక చిన్న నోటిఫికేషన్‌తో సరిపెడతారు. రైతుకు నా వంతుగా నేను చెప్పేదొకటే: ఏరేటర్ అలారానికి బ్యాటరీతో, సిమ్ కార్డుతో నడిచే పెట్టె పెట్టుకోండి, వైఫై ప్లగ్గును నమ్ముకోవద్దు. బోరు మోటారు నీళ్లు లేకుండా తిరిగినప్పుడు ఆపడం కూడా అంతే, అది స్టార్టర్ పెట్టెలోనే జరగాలి, సర్వర్‌ను అడిగి కాదు. మీ అట్టపెట్టె మీద ‘మోటారు రక్షణ’ అని రాసేముందు ఇంటర్నెట్ లేకపోయినా అది పనిచేస్తుందా లేదా అన్నది కూడా పక్కనే రాయండి.

నేను గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. ఇలాంటి ఇంటి పరికరాల భద్రతకు యూరప్ పెట్టుకున్న ప్రమాణం ఈఎన్ 303 645లో ఉన్నదే అడుగుతున్నాను. నెట్‌వర్క్ పోయినా పరికరం ఇంట్లో పనిచేస్తూ ఉండాలని, కరెంటు పోయి వచ్చాక శుభ్రంగా కోలుకోవాలని అందులో రాసి ఉంది. మన దేశంలో టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటర్ 2021లో ఇళ్లలో వాడే ఇలాంటి పరికరాల భద్రత కోసం ఆచరణ నియమావళి తెచ్చింది. అందులోని పదమూడు సూత్రాలూ ఆ ప్రమాణం దారిలోనే ఉన్నాయి. అంతరాయాలను తట్టుకోవాలన్నది వాటిలో ఒకటి, బిగించడం, నిర్వహించడం సులువుగా ఉండాలన్నది ఇంకొకటి. కాగితం మీద ఉంది. వేదాయపాళెం ఇంట్లో ఇంకా లేదు. 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణం మీద నాకు నమ్మకం ఉంది, దానితో పరికరాలు ఇంటి లోపలే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు, ఒకే స్విచ్‌ను రెండు కంపెనీల యాప్‌లు నేరుగా నడపగలవు. మా ఊళ్లో అమ్మే చవక రకాల్లోకి కూడా దాన్ని తీసుకురండి.

సేవలు మూసేసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. నెస్ట్ పరికరాలను ఇతర సేవలతో కలిపే ‘వర్క్స్ విత్ నెస్ట్’లో గూగుల్ 2019లో కొత్త లింకులు ఆపేసింది, 2023లో దాన్ని పూర్తిగా మూసేసింది, దాని మీద జనం అల్లుకున్న ఆటోమేషన్లు పోయాయి. ఇఫ్ట్ (IFTTT) అనే ఆటోమేషన్ సేవ 2020లో ఉచిత ఖాతాకి సొంతంగా రాసుకునే యాప్లెట్లు (ఆటోమేషన్లు) మూడే అని హద్దు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ పరికరాల కంపెనీ సర్వర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి, వాడేవాళ్లకు ముందు మాట కూడా లేదు. 2025 అక్టోబర్ 20న, మనకు దీపావళి రోజు, అమెరికాలో అమెజాన్ క్లౌడ్‌లో ఒక్కచోట వచ్చిన తేడాకి అలెక్సా స్పీకర్లు, రింగ్ కెమెరాలు లాంటివి ఎంతోమందికి మూగబోయాయి. వ్యాపారం మీది, ధర పెంచుకోవచ్చు, మూసుకోవచ్చు, సర్వర్లు పడిపోనూ వచ్చు. కానీ గోడ పగలగొట్టి బిగించిన స్విచ్ పదేళ్లుండాలని ఇంటివాళ్లు అనుకుంటారు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి భద్రతా అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో తయారీదారు చెప్పి తీరాలి. ఇక్కడ చట్టం అడిగేదాకా ఆగకుండా మీరే ఆ సంవత్సరం డబ్బా మీద అచ్చు వెయ్యండి. మన ఇంటివాళ్లకు కూడా చెబుతున్నాను: చెప్పిన పని చెయ్యని వస్తువు మీద 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు దాచుకోండి, యాప్ చూపించిన తప్పును ఫోటో తీసి పెట్టుకోండి.

తెలుగులో ఎలా రాయాలో తెలియక ఆగారేమో అని కొన్ని వాక్యాలు రాసి ఇస్తున్నాను, ఉచితంగా వాడుకోండి. 401 వస్తే: ‘ఈ సేవకు మీ స్విచ్‌లను నడిపే అనుమతి గడువు తీరింది. ఒకసారి లాగిన్ అవ్వండి చాలు. స్విచ్‌ను రీసెట్ చెయ్యొద్దు.’ 404 వస్తే: ‘ఈ ఆటోమేషన్ వెతుకుతున్న స్విచ్ ఇప్పుడు జాబితాలో లేదు. కొత్తగా కలిపి ఉంటే ఇక్కడ మళ్లీ ఎంచుకోండి.’ 503 వస్తే: ‘మా సర్వర్‌లో తేడా వచ్చింది. మీ ఇంట్లో అంతా బాగానే ఉంది. మీరేమీ చెయ్యనక్కర్లేదు, బాగవగానే చెబుతాం.’ పరికరం పలక్కపోతే: ‘రాత్రి 2.10 నుంచి ఈ స్విచ్ పలకడం లేదు. అదే ఇంట్లో మిగతావి కూడా పలకడం లేదు, కరెంటు గానీ ఇంటర్నెట్ గానీ పోయి ఉండొచ్చు.’ చూశారుగా, ఒక్కోటి రెండు మూడు ముక్కలే. ఇందులో ఏదీ మీ సర్వర్‌కి తెలియని సంగతి కాదు. టీచరమ్మ చదువుకోగలరు, రైతు చదువుకోగలడు, డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్‌లో చదివి వినిపించగలరు.

మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు తడిసి ముద్దయ్యాయి. అలాంటి రోజుల్లో కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. ఇళ్లకు పోవడానికి మాకూ దారి ఉండదు, ఫోన్‌లోనే చెప్పాలి. ఫోన్‌లో చెప్పాలంటే అవతలి మనిషి తెర మీద ఏముందో చదవగలగాలి. వచ్చే అక్టోబరు లోపు కనీసం ఆ నాలుగు వాక్యాలూ, వాటితో పాటు చివరిసారి పలికిన టైమూ మీ యాప్‌లో పెట్టండి. మాట సరిచూడాలన్నా, పల్లెల్లో ఎవరికైనా చదివించి అర్థమైందో లేదో చెప్పాలన్నా మా వైపు వైరింగ్ పనివాళ్లం వచ్చి చేసిపెడతాం.

ఇట్లు,
నెల్లూరు జిల్లాలో వైరింగ్ పని చేసుకునే ఒక ఎలక్ట్రీషియన్